ఎడమ వెనక స్పీకరు

"...అక్కడ స్టాండు పెడితే తలుపెలా తీస్తారు? బాల్కనీలోకి కిటికీలోంచి దూకుతారా?"

"తలుపు పూర్తిగా తియ్యక్కర్లేదు. సగం తీస్తే మనిషి పడతాడు."

"మీరు పడతారు. బట్టలు నింపుకున్న బకెట్టు పడుతుందా?"

"బట్టలు మేడ మీద ఆరేస్తే..."

"మేడ మీదకి మోసేదెవరు? మీ నూట పది డిగ్రీలా?"

నూట పది డిగ్రీలు పళ్ల డాక్టరు ఎక్కడో చదివి పట్టుకున్న మాట. సోఫా మధ్యలో కూర్చున్న మనిషి ముక్కు సూటిగా టీవీ వైపు ఉంటే, సరౌండ్ స్పీకర్లు ఆ ముక్కుకు అటూ ఇటూ నూట పది డిగ్రీల దగ్గర, అంటే చెవులకు కాస్త వెనగ్గా ఉండాలి. డాక్టరు దారమూ, పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినీ పట్టుకుని నేల మీద నీలం టేపుతో గీతలు వేసి పెట్టుకున్నాడు. కుడివైపు గీత బుద్ధిగా వెళ్లి గోడకు తగిలింది. ఎడమవైపు గీత బాల్కనీ గాజు తలుపు మధ్యలో ఆగింది. వారం రోజులుగా ఆ ఇంట్లో తగువంతా ఆ గీత చివరనే నడుస్తోంది.

"రోజంతా జనం నోళ్లలో కన్నాలు వేసింది చాల్లేదా, ఇంట్లో గోడలక్కూడా వెయ్యాలా?" అంది డాక్టరు భార్య.

మేస్త్రీ నిచ్చెన పక్కన నిలబడి ఇద్దరి మాటలూ అయ్యేదాకా ఆగాడు. ఇటువంటివి అతను చాలా ఇళ్లలో విన్నాడు. హోమ్ థియేటర్ కొనేది ఒకరు, దానితో కాపరం చేసేది మరొకరు. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అతను హాలు మధ్యకు వెళ్లి రెండు చేతులూ ఎత్తి ఒక్క చప్పట కొట్టాడు. మూలకు వెళ్లి ఇంకొకటి. గాజు తలుపు ముందు మరొకటి. భార్యాభర్తలు తగువు మరిచిపోయి అతన్నే చూశారు.

ఊళ్లో అందరికీ అతను చప్పట్ల మేస్త్రీ. ఖాళీ గదిలో చప్పట కొట్టి, అది తిరిగి వచ్చే తీరును బట్టి ఏ గోడ మోగుతోందో, ఏ మూల మింగేస్తోందో చెప్పేవాడు. పాతికేళ్లకు ముందు ఒక సినిమా హాల్లో సౌండు ఆపరేటరుగా ఉండేవాడు. హాలు మూతబడ్డాక స్పీకర్లు అమ్మే షాపులో చేరాడు. ఏ గదికి ఏ స్పీకర్లు కొనాలో చెప్పడం, వాటిని బిగించడం, చివర్న కుర్చీలో కూర్చుని ఏది ఎంత గట్టిగా పలకాలో ఆ లెవెళ్లు సరిచెయ్యడం, ఈ మూడూ అతని పనులు. చాలామంది షాపుకు ఫోన్ చేసి ఆయన వస్తేనే కొంటాం అనేవారు.

"అమ్మా, సోఫాని ఒక అడుగు ముందుకు లాగుదాం," అన్నాడు. "తలుపు దాటాక వెనక్కి రెండడుగుల గోడ ముక్క ఉంది. స్పీకరు దానికి బిగిస్తాను. తలుపు జోలికి పోదు. డాక్టరు గారి నూట పది కాస్తా నూట ఇరవై అవుతుంది, అంతే."

"పది డిగ్రీలు పోతాయే," అన్నాడు డాక్టరు, పన్ను పోతున్నంత బాధగా.

"పోతే పోనివ్వండి. మీకంతగా కావాలంటే ఆ పదీ నేను వంటింట్లో దాస్తాలే," అంది ఆమె.

డాక్టరు వెనక్కి కూడా నిలువెత్తు స్పీకర్లే కావాలన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. చిన్నవే చాలన్నాడు, కాకపోతే ముందరున్న వాటి కంపెనీవే అయ్యుండాలన్నాడు. ముందు నుంచి బయల్దేరిన కారు వెనక్కి వెళ్లేసరికి గొంతు మారకూడదు. "వెనక స్పీకరుందని మీకు గుర్తొచ్చిందంటే అది తప్పు చోట ఉన్నట్టే డాక్టరు గారూ. గది పెద్దదైనట్టుండాలి గానీ, ఎవరో వెనక నిలబడి మాట్లాడినట్టుండకూడదు."

గోడకు రంధ్రాలు వేసి వైర్లు లాగింది మేస్త్రీ బావమరిది. నలభై దాటిన మనిషి, భార్యకు తమ్ముడు. పదకొండేళ్లుగా వ్యాను నడిపేదీ, నిచ్చెన ఎక్కేదీ, పైకప్పు సందుల్లో దూరి మసి పూసుకుని దిగేదీ అతనే. లెవెళ్ల సంగతి ఎప్పుడూ ముట్టుకోలేదు. "నాకు పాటకీ మిక్సీకీ తేడా తెలీదండీ. వినే పని బావది, మోసే పని నాది," అని నవ్వేవాడు.

మూడు గంటలకు స్పీకర్లన్నీ గోడలెక్కాయి. మేస్త్రీ చిన్న మైకు సోఫా మధ్యలో పెట్టి యాంప్లిఫయరు మిషన్ చేత కొలిపించాడు. మిషన్ తన అంకెలు తాను వేసుకుంది. అక్కడితో చాలామంది పని ముగిస్తారు. అతను ముగించడు. మైకు వింటుందేగానీ గంటలకొద్దీ కూర్చుని సినిమా చూడదు అంటాడు. మైకు తీసేసి ఆ చోట తాను కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

పరీక్ష శబ్దం జోరువానలా ఉంటుంది. ఒక్కో స్పీకరులో కొన్ని క్షణాలు కురిసి పక్కదానికి జరుగుతుంది. ముందు ఎడమ. మధ్య. ముందు కుడి. వెనక కుడి. వెనక ఎడమకు వచ్చేసరికి వాన పక్కింటి మీద కురుస్తున్నట్టనిపించింది. రెండంకెలు పెంచాడు. మళ్లీ మొదట్నుంచి తిప్పాడు. చాలలేదు. ఇంకో రెండు పెంచాడు. ఆ తర్వాత మరో రెండు. అప్పుడు నాలుగు వైపులా వాన సమంగా పడింది. కళ్లు తెరిచి, "కూర్చోండి," అని లేచాడు.

డాక్టరు కూర్చున్నాడు. సినిమాలో ఒక సంత సీను పెట్టారు. రెండు నిమిషాలకు అతను తల ఎడమవైపుకు తిప్పాడు.

"మేస్త్రీ గారూ, ఈ పక్కనెవడో నా చెవిలో అరుస్తున్నాడు."

"ఏదీ," అంటూ భార్య అతన్ని లేపి తాను కూర్చుంది. "అవును. పెళ్లయ్యాక ఈయన చెప్పిన మొదటి నిజం ఇదే. ఎడమ పక్క ఎక్కువగా ఉంది."

"గాజు తలుపు కదమ్మా, శబ్దాన్ని తిప్పికొడుతుంది. దళసరి కర్టెన్ వేస్తే సర్దుకుంటుంది."

బావమరిది నెమ్మదిగా ప్యాంటు జేబులోంచి డెసిబెల్ మీటరు తీశాడు. చేతిలో ఇమిడే చిన్న పరికరం, శబ్దం ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. సోఫా దగ్గర పట్టుకుని చూసి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"ఎడమ ఆరు ఎక్కువుంది బావా."

"బ్యాటరీ అయిపోయుంటుంది. మార్చు."

"నిన్నే మార్చాను."

మేస్త్రీ ఆ మాట పట్టించుకోలేదు. తప్పు ఎక్కడుందో తేల్చడానికి అతనికి తెలిసిన దారి ఒకటే, ఒక్కొక్కటే మార్చి చూడటం. అంకెలన్నీ సమం చేసి, వెనక స్పీకర్లు రెండూ దింపి అటుది ఇటూ ఇటుది అటూ బిగించమన్నాడు. వాన ఎడమవైపే పలచగా ఉంది. స్పీకరు మంచిదే. వైర్లు తారుమారు చేయించాడు. ఎడమవైపే. వైర్లూ మంచివే. యాంప్లిఫయరు వెనక మీటలన్నీ చూశాడు. డాక్టరు భార్య రెండుసార్లు మంచినీళ్లిచ్చింది. మిగిలింది గది ఒక్కటే. గదిని తిప్పడం కుదరదు కాబట్టి అతను తానే తిరిగాడు. సోఫా మీద మోకాళ్లు వేసి, రైలు కిటికీలోంచి చూసే పిల్లాడిలా వెనక గోడకేసి మొహం పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"పెట్టు," అన్నాడు.

గాజు తలుపు వైపు వాన జోరుగా, దగ్గరగా కురిసింది. ఆ తర్వాత రెండో స్పీకరుకు జరిగింది. ఇంతసేపూ నిక్షేపంలా పలికిన కుడి గోడ స్పీకరు ఇప్పుడు పక్కింటికి వెళ్లిపోయింది.

అతను ముందుకు తిరిగి కూర్చున్నాడు. విన్నాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు. విన్నాడు. డాక్టరు నవ్వబోయి, బావమరిది మొహం చూసి ఆగిపోయాడు.

ఆ పలచదనం అతనితోపాటే తిరుగుతోంది, ఎటు తిరిగినా అతని ఎడమ చెవి వైపే.

"తలుపు వల్లేనండీ," అన్నాడు మేస్త్రీ లేచి, పనిముట్లు సంచిలో వేసుకుంటూ. "నాలుగు రోజుల్లో వచ్చి చూస్తాను."

ఇద్దరూ వ్యానెక్కారు. సిగ్నలు దగ్గర బండి ఆగాక మేస్త్రీ అడిగాడు.

"మీటరు జేబులో ఎందుకు పెట్టుకున్నావు?"

"ఊరికే."

"పదకొండేళ్లలో ఎప్పుడైనా పెట్టుకున్నావా?"

బావమరిది స్టీరింగు మీద వేలితో గీతలు గీశాడు. సిగ్నలు పచ్చబడింది. వెనక బండి హారన్ కొట్టింది.

"పోన్లు వస్తున్నాయి బావా. బిగించి వచ్చిన ఇళ్ల నుంచి. ఎడమ పక్క ఎక్కువుందని. నీకు చెప్పొద్దని వాళ్లతో అని, నేనే వెళ్లి మీటరు పెట్టి తగ్గించి వస్తున్నా."

"ఎన్నిళ్లు?"

"ఏడు."

"ఏడా!"

"ఎనిమిదో ఆయన ఎడమ పక్క ఎక్కువుంటేనే బాగుందన్నాడు. ఆయన్ని వదిలేశాను."

మేస్త్రీకి ఆ ఏడిళ్లూ గుర్తొచ్చాయి. ఒకచోట ఎడమవైపు పుస్తకాల బీరువా ఉంది. ఒకచోట మెట్లు. ఇంకోచోట పెద్ద కిటికీ. ప్రతి ఇంట్లోనూ ఎడమవైపు ఏదో ఒక దోషం కనిపించింది, ప్రతిసారీ దాన్ని తాను దిద్దాననుకున్నాడు. ఏడాది పాటు ఊరి గోడలకు వంకలు పెడుతూ తిరిగాడు.

"మీ అక్కకి తెలుసా?"

"అక్కే చెప్పింది, మీటరు దగ్గరుంచుకోమని."

మేస్త్రీ భార్య మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అతను గుమ్మంలోనే అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఆమె ఏమిటని అడగలేదు.

"పోయిన ఏడాది నుంచి. పోను కుడి చెవికి మార్చారు. అడిగితే ఎడమ చెయ్యి నొప్పన్నారు. చెయ్యి నొప్పికి నేను మలాం కూడా తెచ్చాను, మూత తియ్యలేదు."

"చెప్పొచ్చుగా."

"చెప్పానండీ. రెండుసార్లు. ఎడమ పక్క నుంచి చెప్పానేమో."

అన్నాక ఆమెకే ఆ ఎత్తిపొడుపు బాగోలేదనిపించింది. చేతిసంచి కుర్చీలో పెట్టి, "రేపు సెలవు పెడతాను, చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది.

చెవి ఆసుపత్రిలో పరీక్ష గది బీరువా అంత ఉంది. గోడలకు మెత్తటి స్పాంజి. మేస్త్రీ లోపలికి వెళ్తూనే అలవాటు కొద్దీ చప్పట కొట్టాడు. ఏమీ తిరిగి రాలేదు. అద్దానికి అవతల కూర్చున్న టెక్నీషియన్ అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. శబ్దం ఎంత సన్నగా వినిపించినా సరే నొక్కమంది.

కుడి చెవి త్వరగానే అయిపోయింది. ఎడమకు మార్చింది. మొదటి కొన్ని వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. కానీ అతనికి ఈ శబ్దాలు కొత్త కాదు. ఏ స్వరం తర్వాత ఏది వస్తుందో, ఎంతెంత తగ్గిస్తూ పోతారో తెలుసు. కుడి చెవికి ఆ అమ్మాయి ఎన్ని క్షణాల ఎడంతో పెట్టిందో మనసులో ఉంది. ఆ ఎడం లెక్కేసుకుని నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నాలుగోసారి నొక్కాక ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"అంకుల్, చివరి రెండూ నేను అసలు పెట్టనేలేదు. మీరు మాత్రం టంచనుగా నొక్కారు."

అతను బటన్ వైపు చూశాడు.

"పరీక్షలో కాపీ కొట్టినా మార్కులు మీకేగా అంకుల్," అందామె, కసురుకోకుండానే. "వినిపిస్తేనే నొక్కండి. ఏం?"

ఆ తర్వాత బటన్ అతని చేతిలో చాలాసేపు ఊరికే ఉంది.

చెవి డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. కుడి చెవి గీత బల్లపరుపుగా ఉంది. ఎడమది సగం దాకా నడిచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. నరం దెబ్బతిందన్నాడు. సినిమా హాలు రోజుల వల్ల కావచ్చు, కాకపోవచ్చు, కచ్చితంగా చెప్పలేనన్నాడు.

"మందులేమైనా..." అంది భార్య.

"పోయింది తిరిగి రాదమ్మా. మిషన్ పెట్టుకోవచ్చు. మాటలు బాగా వినిపిస్తాయి."

"మాటలు ఇప్పుడూ వినిపిస్తున్నాయండీ," అన్నాడు మేస్త్రీ. "మిషన్ పెట్టుకుంటే రెండు వైపులా సమంగా ఉందో లేదో తెలుస్తుందా? ఒక్క అంకె తేడా ఉన్నా?"

"అంత తేడా ఎవరికి కావాలి?"

"నాకు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అంత తెలియకపోవచ్చు," అన్నాడు.

మర్నాడు షాపు ఓనరు ఆ ఏడిళ్ల సంగతీ విని, చెవి పరీక్ష కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మేస్త్రీకి తిరిగి ఇచ్చేశాడు. కొనేవాళ్లకు స్పీకర్లు వినిపించే డెమో గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"ఇంట్లో వాళ్లకి. మీకు."

"అక్కడితో ఆపెయ్. మీ బావమరిది ముందు వెళ్లి మీటరుతో అంకెలు వేసేస్తాడు. తర్వాత నువ్వెళ్లి కూర్చో. కళ్లు మూసుకో, రిమోట్ అటూ ఇటూ తిప్పు, చప్పట్లు కొట్టు. మహారాజులా ఉండు. జనం వచ్చేది దానికే కదా."

"అది మోసం కాదాండీ?"

"మోసం ఎలా అవుతుంది? వాళ్లింట్లో సౌండు బాగుంటుందా లేదా? ఆ ఏడుగురూ మళ్లీ ఫోన్ చేశారా? చెయ్యలేదే." ఓనరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. నిజంగా మంచి మాట చెబుతున్నాననే అనుకుంటున్నాడు. "ఇన్నేళ్లూ మాత్రం ఏం తేడా ఉండేదిలే. మిషన్ వేసిన అంకెని నువ్వు ఒకటో రెండో మార్చేవాడివి. అదీ ఒక ముచ్చట."

ఓనరు బయటికి వెళ్లిపోయాక మేస్త్రీ డెమో గదిలో కుర్చీలో కూర్చున్నాడు. ఓనరు మాట అతనికి కోపం తెప్పించలేదు. అంతకంటే చెడ్డ పనే చేసింది. ఇన్నేళ్లూ తాను మార్చిన ఆ ఒకటి, రెండు అంకెలు నిజంగా మిషన్ కంటే మెరుగ్గా ఉండేవా? జనం బాగుందన్నారు. చప్పట్లు చూసి అన్నారేమో. సినిమా హాల్లో నేర్చుకున్న విద్య అనుకున్నది ఒట్టి అలవాటేమో. తేల్చుకోవడం కష్టం కాదు. షాపులోనే మిషన్ అంకెలతో ఒకసారి, తన అంకెలతో ఒకసారి పెట్టి వింటే తేలిపోతుంది. ఆ రెండింటికీ తేడా చెప్పగల మనిషి ఊళ్లో అతనొక్కడే. ఇప్పుడు అతను కూడా లేడు.

పరీక్ష వాన పెట్టాడు. అది గది చుట్టూ నడిచి, ఎడమ వెనకకు వచ్చినప్పుడల్లా పక్కింటికి వెళ్లింది. దాన్ని పెంచుదామని చెయ్యి రిమోట్ మీదికి వెళ్లింది. తప్పని తెలుసు. తెలిసినా ఆ వెలితి ముల్లులా గుచ్చుతూనే ఉంది. పెంచితే ప్రాణానికి హాయిగా ఉంటుంది, పెంచితే తప్పవుతుంది. రిమోట్ బల్ల మీద బోర్లా పెట్టి, వాన ఆగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

శనివారం పళ్ల డాక్టరు ఇంటికి వెళ్లేటప్పుడు బావమరిది వ్యాను దూరంగా ఆపాడు.

"ఓనరు నాకూ చెప్పాడు బావా. నువ్వు ఆ చెట్టు కింద ఒక పావుగంట ఆగు. నేను వెళ్లి అంకెలు వేసేస్తా, వైరు వదులైందని చెప్తా. తర్వాత నువ్వు రా."

"నీకిష్టమేనా?"

"నా ఇష్టం ఎవడడిగాడు! నాకు పాటకీ మిక్సీకీ తేడా తెలీదని ఊరంతా తెలుసు. నేను కుర్చీలో కూర్చుంటే ఎవడైనా నమ్ముతాడా? నువ్వు కూర్చుంటేనే అందం."

మేస్త్రీ చెట్టు కింద ఆగాడు. పావుగంట తర్వాత మెట్లెక్కాడు.

హాల్లో డాక్టరుతో పాటు మరొకాయన ఉన్నాడు. డాక్టరుకు క్లినిక్కులో భాగస్వామి, తానూ హోమ్ థియేటర్ కొనాలని చూస్తున్నాడట. నేల మీద నీలం టేపు పీకేశారు. సోఫా ఒక అడుగు ముందుకు వచ్చి ఉంది. బాల్కనీ తలుపు బార్లా తెరిచి డాక్టరు భార్య దుప్పట్లు ఆరేస్తోంది.

"రండి మేస్త్రీ గారూ," అన్నాడు డాక్టరు. "మీ గురించే చెబుతున్నా. మొన్న వెనక్కి తిరిగి కూర్చుని మరీ విన్నారని. మైకూ మీటరూ ఎన్నున్నా ఆఖరి మాట ఈయన చెవిదేనండీ."

"అందుకే వచ్చాను," అన్నాడు భాగస్వామి. "చూద్దామని."

బావమరిది యాంప్లిఫయరు దగ్గర వంగి ఉన్నాడు. అంకెలు వేసేసినట్టు ఒకసారి తల ఊపి, మీటరు జేబులోకి తోసేశాడు. డాక్టరు సోఫా మధ్యలో ఉన్న దిండు తీసి, చోటు దులిపాడు.

"కూర్చోండి. ముందు ఆ చప్పట్లు కొట్టి చూపించండి."

భార్య కూడా చూడటానికి తడి చేతులతో లోపలికి వచ్చి నిలబడింది. డాక్టరు చేతిలోంచి రిమోట్ అందుకుని మేస్త్రీ సోఫా దాకా నడిచాడు. దాని ముందు ఆగాడు. బావమరిది తల ఎత్తి చూశాడు.

"నేను కూర్చోనండీ," అన్నాడు మేస్త్రీ. "నాకు ఎడమ చెవి పోయింది. మొన్న తేడా తలుపుది కాదు, నాదే. ఇవాళ్టి అంకెలు మా బావమరిది మీటరు పెట్టి వేశాడు. ఇకమీదట ఏ ఇంట్లోనైనా లెవెళ్లు వాడే పెడతాడు. నేను వైర్లు లాగుతాను."